మామ పల్లికాయ లెక్క సగమే ఎందుకు వచ్చింది? నంపై అర్రేని సీ కోడ్‌కి ఇవ్వడం, తిరిగి తీసుకోవడం

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, పైథాన్ స్లో అంటారు, సీ ఫాస్ట్ అంటారు. మరి రెండింటినీ కలిపి వాడొచ్చా?" అని. వాడొచ్చు. రోజూ వాడుతున్నాం కూడా. కానీ కలిపే చోట ఒక గుంత ఉంది. ఆ గుంతలో నేను పడ్డాను, అది కూడా మా సొంత మామ ముందు. ఈ రోజు ఆ కథ చెప్తా, దాంతో పాటే టాపిక్ మొత్తం చెప్తా. ఫోన్‌లోనే చేసి చూడొచ్చు, ల్యాప్‌టాప్ లేదని ఎవరూ వెనక్కి పోవద్దు.

2021 ఫిబ్రవరి. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి పెబ్బేరులో ఇంట్లోనే ఉన్నాను. మా మేనమామ పల్లికాయ కొంటాడు. యాసంగి పంట దిగే టైమ్, రైతులు బస్తాలు తెచ్చి దింపుతారు. ఒక్కో బస్తా తూకం వేసి మామ నోట్‌బుక్‌లో రాసుకుంటాడు, చివర్లో కూడుతాడు. నేను కొత్త ఇంజనీర్‌ని, చేతులు ఊరుకోవు కదా. "మామా, నీ కూడిక నా ఫోన్ చేస్తది" అన్నాను. పైథాన్‌లో రాస్తే రెండు లైన్ల పని. కానీ అప్పుడే సీ కోడ్‌ని పైథాన్‌తో కలపడం నేర్చుకుంటున్నాను, చూపించుకోవాలి కదా! కూడిక ఫంక్షన్ సీలో రాశాను. ల్యాప్‌టాప్‌లో టెస్ట్ చేశాను, కరెక్ట్. ఫోన్‌లో టెర్మక్స్ యాప్‌లోకి అదే కోడ్ తెచ్చాను.

ఆ రోజు ఒక పెద్దాయన బస్తాలు తెచ్చాడు. తూకాలు కొట్టాను, టోటల్ వచ్చింది. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. నంబర్ చూసి మామ ఒక్కసారి బస్తాల వైపు చూశాడు, నోట్‌బుక్ తీశాడు, వేళ్ల మీద కూడాడు. "ఏందిరా అల్లుడా, సగం బస్తాలు యాడ పోయినయ్?" అన్నాడు. ఆ పెద్దాయన ఏమీ అనలేదు, నా ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డాడు. మామ నోట్‌బుక్ లేకపోతే నాలుగు నెలల కష్టంలో సగం పైసలు నా ఫోన్ మింగేసేది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

సరే, ఎందుకు జరిగిందో చూద్దాం.

లిస్ట్ వేరు, అర్రే వేరు

మా పెబ్బేరు సంత తెలుసు కదా. శనివారం ఎద్దులు, బర్రెలు, గొర్రెలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. ఇప్పుడు ఒకాయన దగ్గర ఎద్దులు ఉన్నాయి అనుకోండి. ఒకటి వేపచెట్టు కింద, ఒకటి చాయ్ హోటల్ వెనక, ఇంకోటి రోడ్డు పక్కన. ఆయన చేతిలో ఉన్నది ఎద్దులు కాదు, ఏ ఎద్దు ఎక్కడుందో రాసుకున్న చీటీ. పైథాన్ లిస్ట్ అంటే ఆ చీటీ. లిస్ట్‌లో నంబర్లు ఉండవు, నంబర్లు ఎక్కడున్నాయో ఆ అడ్రసులు ఉంటాయి. 64 బిట్ మెషిన్‌లో ఒక్కో అడ్రస్‌కి 8 బైట్లు. ఆ అడ్రస్ దగ్గర ఉన్న చిన్న ఇంటీజర్ ఆబ్జెక్ట్‌కి మామూలుగా 28 బైట్లు.

సీ అర్రే అలా కాదు. ఒకే తాడుకి, ఒకే దూరంలో, వరసగా కట్టేసిన ఎద్దులు. మొదటి గుంజ ఎక్కడుందో తెలిస్తే చాలు. అయిదో ఎద్దు కావాలంటే నాలుగు అంగలు వేస్తే సరిపోతుంది. చీటీ అక్కర్లేదు.

లెక్క వేయండి. 10 లక్షల నంబర్లు 8 బైట్ల ఇంటీజర్లుగా అర్రేలో పెడితే 80 లక్షల బైట్లు, అంటే 8 ఎంబీ. అవే వేరువేరు నంబర్లు లిస్ట్‌లో ఉంటే అడ్రసులకే 8 ఎంబీ, ఆబ్జెక్టులకు ఇంకో 28 ఎంబీ. మొత్తం 36 ఎంబీ దాకా. పైగా ఒక్కో నంబర్ కోసం ప్రాసెసర్ మెమరీలో అటూ ఇటూ తిరగాలి.

ఈ గ్యాప్ నింపడానికే నంపై వచ్చింది. 1995లో జిమ్ హ్యూగునిన్ న్యూమరిక్ అనే లైబ్రరీ రాశాడు. తర్వాత నమ్అర్రే అని ఇంకోటి వచ్చింది, వాడేవాళ్లు రెండు వర్గాలయ్యారు. ట్రావిస్ ఆలిఫంట్ రెండింటినీ కలిపి, 2006లో నంపై 1.0 విడుదల చేశాడు. మనం మొదటి బ్లాక్ హోల్ ఫోటో చూశాం కదా, ఎం87 గెలాక్సీది, దాని వెనక డేటా పనిలో కూడా నంపై ఉంది.

నంపై అర్రే లోపల ముఖ్యంగా నాలుగు విషయాలు ఉంటాయి. ఒకటి, డేటా మొదలయ్యే అడ్రస్. రెండు, డీటైప్, అంటే ఒక్కో నంబర్ ఏ రకం, ఎన్ని బైట్లు. మూడు, షేప్, అంటే ఎన్ని వరసలు, ఎన్ని నిలువులు. నాలుగు, స్ట్రైడ్, అంటే పక్క నంబర్‌కి పోవాలంటే ఎన్ని బైట్లు అంగ వేయాలి.

ఇప్పుడు అసలు మాట వినండి. మీరు ఈ అర్రేని సీ ఫంక్షన్‌కి పాయింటర్‌గా ఇచ్చినప్పుడు, ఈ నాలుగింటిలో సీకి చేరేది ఒక్కటే: అడ్రస్. డీటైప్ పోదు, షేప్ పోదు, స్ట్రైడ్ పోదు. ఆ మూడూ మీరు నోటితో చెప్పాలి. మీరు తప్పు చెప్తే సీ నమ్మేస్తుంది. ఎదురు ప్రశ్న వేయదు.

నా తప్పు ఏంటి?

పైథాన్‌లో సీటైప్స్ అనే మాడ్యూల్ ఉంది. 2006లో పైథాన్ 2.5 నుంచి పైథాన్‌తోనే వస్తుంది, వేరే ఇన్‌స్టాల్ అక్కర్లేదు. సీలో రాసిన ఫంక్షన్‌ని షేర్డ్ లైబ్రరీగా కంపైల్ చేసి, సీటైప్స్‌తో లోడ్ చేసి, పైథాన్ నుంచి పిలవొచ్చు.

నా సీ ఫంక్షన్ రెండు తీసుకునేది: ఇంట్ పాయింటర్ ఒకటి, ఎన్ని బస్తాలు అనే కౌంట్ ఒకటి. సీలో ఇంట్ అంటే మన ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో 4 బైట్లు. పైథాన్ వైపు తూకాల లిస్ట్‌ని నంపై అర్రేగా మార్చాను. డీటైప్ ఏమీ ఇవ్వలేదు, "అదే చూసుకుంటుందిలే" అనుకున్నాను. తర్వాత ఆ అర్రే అడ్రస్‌ని "ఇది సీ ఇంట్ పాయింటర్" అని ముద్ర వేసి పంపాను. అక్కడే అబద్ధం చెప్పాను.

ఆ రోజు బస్తాలు ఇంకా ఎక్కువే, వీడియో కోసం 6 తీసుకుందాం. తూకాలు కిలోల్లో 40, 41, 39, 42, 40, 38. మొత్తం 240. ఫోన్‌లో నంపై డిఫాల్ట్ ఇంటీజర్ 8 బైట్లు. 40 అనే నంబర్ మెమరీలో ఎలా కూర్చుంటుంది? మన ఫోన్ ప్రాసెసర్లు చిన్న బైట్ ముందు పెడతాయి. అంటే మొదటి బైట్ 40, తర్వాత ఏడు బైట్లు సున్నాలు. సీ మాత్రం 4 బైట్లకొకసారి కోస్తుంది. మొదటి ముక్క 40, రెండో ముక్క సున్నా. తర్వాత 41, సున్నా. తర్వాత 39, సున్నా. ఆరు ముక్కలు అయిపోయాయి, కౌంట్ అయిపోయింది, ఆగిపోయింది. 40, 41, 39 కలిపితే 120. సరిగ్గా సగం. మిగతా మూడు బస్తాల దాకా సీ పోనే లేదు.

మరి ల్యాప్‌టాప్‌లో ఎందుకు కరెక్ట్ వచ్చింది? ఇదే అసలు ట్విస్ట్. నాది విండోస్ ల్యాప్‌టాప్. అప్పటి నంపైలో విండోస్ మీద డిఫాల్ట్ ఇంటీజర్ 4 బైట్లు. 64 బిట్ లినక్స్ మీద, ఆండ్రాయిడ్ ఫోన్ల మీద 8 బైట్లు. కారణం, సీలో లాంగ్ అనే టైప్ విండోస్‌లో 4 బైట్లు, లినక్స్‌లో 8 బైట్లు. నంపై ఆ లాంగ్‌నే డిఫాల్ట్‌గా పెట్టుకుంది. అందుకే అక్కడ నా అబద్ధం అనుకోకుండా నిజమైంది, ఫోన్‌లోకి రాగానే బయటపడింది. 2024 జూన్‌లో వచ్చిన నంపై 2.0 నుంచి 64 బిట్ విండోస్‌లో కూడా డిఫాల్ట్ 8 బైట్లే. అంటే నా పాత కోడ్‌ని ఇప్పుడు విండోస్‌లో రన్ చేసినా సగమే వస్తుంది. మీ దగ్గర అలాంటి పాత కోడ్ ఉంటే ఈ రోజే చూసుకోండి.

ఇంకో రెండు రకాలు చూడండి. తూకాలు 40.0 అని ఫ్లోట్‌లో ఉండి, సీ ఇంట్ అనుకుని చదివితే మొదటి నంబర్ 0, రెండోది 1078198272. తిరగేసి, 4 బైట్ల అర్రేని సీ 8 బైట్లు అనుకుని చదివితే 40, 41 రెండూ కలిసిపోయి 176093659176 వస్తుంది. పైగా అర్రే దాటి బయట మెమరీ కూడా చదువుతుంది. అయినా నన్నడిగితే ఇవి మంచి తప్పులు. చూడగానే తెలిసిపోతాయి. సగం అనే తప్పే చెడ్డది, నిజంలా కనబడుతుంది కాబట్టి.

ఒక్క కిలో తేడా

దీనికన్నా చెడ్డది ఇంకోటి ఉంది. డీటైప్ సరి చేసుకున్నారు అనుకోండి. ఇప్పుడు ఒకటి విడిచి ఒకటి బస్తా కావాలి. పైథాన్‌లో స్లైస్ రాస్తే 40, 39, 40 వస్తాయి. మొత్తం 119. కానీ నంపై ఇక్కడ కొత్త అర్రే చేయదు. డేటా అదే, అంగ మాత్రం 4 బైట్ల నుంచి 8 బైట్లకు మారుతుంది. దీన్ని వ్యూ అంటారు. ఈ వ్యూ అడ్రస్‌ని సీకి ఇస్తే? సీకి అంగ సంగతి తెలియదు. వరసగా మూడు చదువుతుంది: 40, 41, 39. మొత్తం 120.

119కి బదులు 120. ఒక్క కిలో తేడా. మా మామ కూడా పట్టుకోలేడు.

ట్రాన్స్‌పోజ్ కూడా ఇంతే. 3 వరసలు, 4 నిలువుల టేబుల్ 4 బైట్ల ఇంటీజర్లతో ఉంటే వరస మారడానికి 16 బైట్లు, నిలువు మారడానికి 4 బైట్లు. ట్రాన్స్‌పోజ్ చేస్తే నంబర్లు ఒక్క అంగుళం కూడా కదలవు. 16, 4 కాస్తా 4, 16 అవుతుంది, అంతే. సీకి ఇస్తే పాత వరసలోనే చదువుకుంటుంది.

దీనికి మందు యాజ్‌కంటిగ్యుయస్అర్రే అనే నంపై ఫంక్షన్. అర్రే ఇప్పటికే వరసగా ఉంటే దాన్నే ఇస్తుంది, లేకపోతే వరసగా పేర్చి కాపీ ఇస్తుంది. కానీ ఒక జాగ్రత్త. సీ ఫంక్షన్ ఆ అర్రేలోకి జవాబులు రాసేది అయితే, రాసేది కాపీలోకి. మీ అసలు అర్రే అలాగే ఉంటుంది. "అన్నా, ఫంక్షన్ రన్ అయ్యింది కానీ ఏమీ మారలేదు" అని అడిగేవాళ్లలో చాలామందిది ఇదే కేసు. అందుకే జవాబుల కోసం వేరే ఖాళీ అర్రే, సరైన డీటైప్‌తో, మీరే ముందే తయారుచేసి ఇవ్వండి.

మెమరీ ఎవరిది?

సంతలో ఎద్దు అమ్మేశాక గుంజ దగ్గరికి పోతే ఏముంటుంది? వేరేవాళ్ల ఎద్దు ఉండొచ్చు, ఖాళీ ఉండొచ్చు. మెమరీ కూడా అంతే.

పైథాన్‌లో రెండు అర్రేలు కూడి, ఆ టెంపరరీ రిజల్ట్ అడ్రస్‌ని ఉత్త నంబర్‌గా తీసుకున్నారు అనుకోండి. ఆ రిజల్ట్‌కి పేరు పెట్టలేదు కాబట్టి పైథాన్ వెంటనే దాన్ని తీసేస్తుంది. అడ్రస్ మీ చేతిలో ఉంటుంది, అక్కడ మీ డేటా ఉండదు. ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి క్రాష్. కాబట్టి సీకి ఇచ్చే ప్రతి అర్రేకి ఒక పేరు పెట్టండి, సీ పని అయ్యేదాకా ఆ పేరు ఉండనివ్వండి. సీ వైపు పాయింటర్‌ని దాచుకుని తర్వాత వాడే లైబ్రరీలు ఉంటాయి, వాటితో ఇంకా జాగ్రత్త.

తిరుగు దారి, అంటే సీ నుంచి పైథాన్‌కి. సీలో మాలక్‌తో మెమరీ తీసుకుని పాయింటర్ తిరిగి ఇస్తే, నంపైలో సీటైప్స్‌లిబ్ కింద యాజ్అర్రే అనే ఫంక్షన్ ఉంది. పాయింటర్, షేప్ ఇస్తే దాని మీద నంపై అర్రే కప్పుతుంది, కాపీ లేకుండా. కానీ ఆ మెమరీ నంపైది కాదు, నంపై దాన్ని ఫ్రీ చేయదు. రూల్ సింపుల్: మెమరీ ఎవరు తెచ్చారో వాళ్లే తిరిగి ఇవ్వాలి. సీలోనే ఒక ఫ్రీ ఫంక్షన్ రాసి, పని అయ్యాక పైథాన్ నుంచి పిలవండి. ఈ తలనొప్పి వద్దంటే యాజ్అర్రే తర్వాత ఒక కాపీ తీసుకుని, సీ మెమరీని వెంటనే ఫ్రీ చేయండి. సీ ఫంక్షన్ లోపల మామూలుగా డిక్లేర్ చేసిన లోకల్ అర్రే అడ్రస్‌ని మాత్రం ఎప్పుడూ రిటర్న్ చేయొద్దు. ఫంక్షన్ అయిపోగానే ఆ జాగా పోయినట్టే.

ఇంకోటి. సీ ఫంక్షన్ ఏం రిటర్న్ చేస్తుందో మీరు చెప్పకపోతే, సీటైప్స్ దాన్ని ఇంట్ అనుకుంటుంది. డబుల్ రిటర్న్ చేస్తే చెత్త నంబర్ వస్తుంది. పాయింటర్ రిటర్న్ చేస్తే 8 బైట్ల అడ్రస్‌లో సగం తెగిపోతుంది, ముట్టుకుంటే క్రాష్. రెస్‌టైప్ తప్పకుండా రాయండి.

మరి సరైన పద్ధతి?

నేను ఇప్పుడు పాటించేవి వరసగా చెప్తా.

ఒకటి. సీ వైపు ఉత్త ఇంట్, లాంగ్ రాయను. స్టాండర్డ్ ఇంట్ హెడర్ పెట్టుకుని ఇంట్64 టీ, ఇంట్32 టీ అని సైజ్ కనబడేలా రాస్తాను.

రెండు. పైథాన్ వైపు డీటైప్ ఎప్పుడూ పేరు పెట్టి చెప్తాను. "అదే చూసుకుంటుంది" అనేది లేదు.

మూడు. ఆర్గ్‌టైప్స్‌లో ఎన్‌డీపాయింటర్ వాడతాను. ఇది నంపై సీటైప్స్‌లిబ్‌లోనే ఉంది. "నాకు 4 బైట్ల ఇంటీజర్ అర్రే కావాలి, వరసగా ఉండాలి" అని గేటు దగ్గర కాపలా పెట్టినట్టు. తప్పు అర్రే వస్తే సీ దాకా పోనివ్వదు, అక్కడే ఎర్రర్ కొడుతుంది. ఈ ఒక్క లైన్ ఆ రోజు ఉంటే నా ఫోన్ 120 చూపించేది కాదు, ఎర్రర్ చూపించేది. ఎర్రర్ వస్తే సిగ్గుపడేవాణ్ణి, అంతే. ఆ పెద్దాయన పైసల దాకా వచ్చేది కాదు.

నాలుగు. పొడవు ఎప్పుడూ అర్రే సైజ్ నుంచే తీసి పంపుతాను, చేత్తో టైప్ చేయను. సీకి అర్రే ఎక్కడ అయిపోతుందో తెలియదు, మీరు చెప్పినంత దూరం పోతుంది.

అయిదు. ఒక చిన్న టెస్ట్. అన్నీ వేరువేరు నంబర్లతో చిన్న అర్రే ఇచ్చి, సీ జవాబు, నంపై జవాబు రెండూ పోల్చి చూస్తాను. కొత్త ఫోన్, కొత్త ల్యాప్‌టాప్, కొత్త వెర్షన్ ఏది వచ్చినా ముందు ఇది రన్ చేస్తాను. అన్నీ సున్నాలు పెట్టి టెస్ట్ చేయకండి, సున్నాని ఎలా కోసినా సున్నానే.

ఆరు. స్పీడ్ కావాలంటే అర్రే మొత్తం ఒకేసారి పంపండి. లూప్ పైథాన్‌లో పెట్టి ఒక్కో నంబర్‌కి ఒక్కోసారి సీని పిలిస్తే, ఒక్కో బస్తా బైక్ మీద పెట్టుకుని బీచుపల్లి బ్రిడ్జి దాటినట్టు. కృష్ణ అవతలికి పోయి వచ్చే ఖర్చే ఎక్కువ. లారీ లోడ్ చేసి ఒక్కసారి దాటండి.

సీటైప్స్ ఒక్కటే దారి కాదు. సైథాన్, సీఎఫ్ఎఫ్ఐ, సీ ప్లస్ ప్లస్ అయితే పైబైండ్11 ఉన్నాయి. వీటిలో కొన్ని డీటైప్, షేప్, స్ట్రైడ్ కూడా అడ్రస్‌తో పాటు మోసుకెళ్తాయి. దానికి ఆధారం పైథాన్‌లోని బఫర్ ప్రోటోకాల్, పెప్ 3118. పైటార్చ్‌లో ఫ్రమ్ నంపై అని వాడతారు కదా, అక్కడ కూడా కాపీ లేదు, ఒకే మెమరీకి రెండు పేర్లు. ఒకటి మారిస్తే రెండోదీ మారుతుంది. ఏఐ నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఫోన్‌లో చేసేవాళ్లకు: టెర్మక్స్‌లో పైథాన్, క్లాంగ్ వేసుకోండి. నాకప్పుడు నంపై ఎక్కించడానికే ఒక రాత్రి పట్టింది, ఇప్పుడు టెర్మక్స్‌లోనే రెడీ ప్యాకేజీ ఉంది. కంపైల్ చేసిన లైబ్రరీ ఫైల్‌ని టెర్మక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పెడితే ఆండ్రాయిడ్ లోడ్ చేయనివ్వదు.

మీకు పని ఒకటి ఇస్తున్నా. 40, 41, 39, 42, 40, 38 తీసుకోండి. కావాలనే తప్పు చేసి 120 తెప్పించండి. తర్వాత ఎన్‌డీపాయింటర్ పెట్టి అదే తప్పుని గేటు దగ్గర ఆపండి. ఎర్రర్ స్క్రీన్‌షాట్ పంపండి. ఎర్రర్ పంపమని అడిగే యూట్యూబర్‌ని నేనొక్కణ్ణే కావచ్చు.

మామకి తర్వాత కోడ్ సరిచేసి ఇచ్చాను. ఈసారి ఉత్త పైథాన్‌లోనే, రెండు లైన్లు. అన్ని బస్తాలకు సీ ఎందుకు చెప్పండి! వాడుతున్నాడు. కానీ నోట్‌బుక్ ఆపలేదు. పోయిన సీజన్‌లో అడిగాను, "ఇంకా ఎందుకు మామా రాయడం?" అని. "రెండు లెక్కలు కలిస్తేనే పైసలు లెక్కపెడతా అల్లుడా" అన్నాడు. నా అయిదో రూల్ ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా.